తెర తీసేదాకా

"ఆ చీర అమ్మకండి."

లైవ్‌లో వచ్చిపడుతున్న కామెంట్ల మధ్య ఆ ఒక్క వాక్యం అమూల్య కంట్లో నలుసులా పడింది.

చీరాలలో వాళ్లది చేనేత చీరల కొట్టు. దసరా నవరాత్రుల సీజన్. కొట్టు నిండా జనం, ఫోన్ నిండా ఆర్డర్లు. పొద్దున తిన్న ఇడ్లీ సగం అలాగే ప్లేటులో ఉంది. ఆమె మాత్రం పండుమిరప రంగు చీర కొంగు భుజం మీద వేసుకుని కెమెరా వైపు నవ్వుతోంది. పసుపు అంచు. కొంగు మీద నేతలోనే తీర్చిన సింహం.

"దయచేసి ఆ చీర భుజం మీంచి తీసి పక్కన పెట్టండి." మళ్లీ అతనే. శరత్‌చంద్ర అని ఉంది పేరు.

"ఎవరో పోటీ కొట్టువాళ్లు పంపిన శాల్తీ అయ్యుంటాడు," అంది జుబేదా. అమూల్య చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ ఆ కొట్టులో చీరలు మడతపెడుతున్న మనిషి.

అమూల్య నవ్వు చెదరకుండానే అతన్ని బ్లాక్ చేసింది.

మధ్యాహ్నానికి అతనే కొట్టు ముందు బండి దిగాడు. ఒళ్లంతా వాన, మోకాళ్లదాకా నల్లరేగడి బురద.

"బ్లాక్ చేశారు. కొట్టు నంబరుకి చేస్తే ఎత్తట్లేదు. అద్దంకి నుంచి బండి మీద రావాల్సొచ్చిందండీ."

"మీరేనా! మా చీర మేం అమ్ముకుంటే మీకేంటండీ బాధ?"

"అది మీ చీర కాదండీ," అన్నాడు శరత్ మెల్లగా. "అమ్మవారిది."

అమూల్య చేతిలో పెన్ను ఆగిపోయింది.

అద్దంకిలో అమ్మవారి గుడికి మహర్నవమి చీర ఏటా ఈ ఇంటి నుంచే వెళుతుంది. మగ్గం మీంచి దించిన మడత దించినట్టే తెల్లగుడ్డలో చుట్టి, పైన పసుపు బొట్టు పెడతారు. అమ్మవారికి కట్టేదాకా అది ఎవరి ఒంటికీ తగలకూడదు. మహిషాసురమర్దిని అలంకారం కాబట్టి కొంగు మీద సింహం. ఇంకే చీర మీదా ఆ సింహాన్ని నేయరు. ఏటా దాన్ని చుట్టి పంపేది అమూల్య నాన్నే; ఆ కొంగు అమూల్య గానీ జుబేదా గానీ ఎన్నడూ చూడలేదు. శరత్ తండ్రి ఆ గుడి పూజారి. అందుకే ఫోన్లో సింహం కనపడగానే శరత్ గుర్తుపట్టాడు.

అమూల్య బల్ల కిందికి చూసింది. పొద్దున హడావుడిలో తను చింపి పారేసిన తెల్లగుడ్డ అక్కడే ఉంది. దాని మీద పసుపు బొట్టు కూడా.

ఊపిరి అందలేదు. పోయిన దీపావళి సీజన్లో నాన్న జానకిరామయ్య సరిగ్గా ఇదే బల్ల మీద గుండె పట్టుకుని వాలిపోయాడు. స్టెంట్ వేశాక డాక్టరు ఆయన్ని కొట్టు గడప తొక్కొద్దన్నాడు. 'సీజన్ నేను చూసుకుంటా నాన్నా' అని మాటిచ్చింది. ఆ మాట కోసం నిద్ర మానేసింది. తిండి మానేసింది. ఇప్పుడు ఆయన ప్రాణంలా చూసుకునే చీరనే పాడుచేసింది.

"నాన్నకి తెలిస్తే..." అంది.

శరత్ తిడతాడనుకుంది. అతను బల్ల మీదున్న దుప్పటి ఒకటి విప్పి, ఆమె కుర్చీకి అడ్డంగా, చీరలు వేలాడదీసే తీగ మీద వేశాడు. తను ఇవతల, అటు తిరిగి నిలబడ్డాడు.

"ఏంటండీ ఇది?"

"తెర. అలంకారం చేసేటప్పుడు, నైవేద్యం పెట్టేటప్పుడు అమ్మవారికే తెర వేస్తాం. బయట ఎంతమంది భక్తులున్నా ఆగాల్సిందే. దేవతకే కాసేపు ఎవరికీ కనపడకుండా ఉండే వీలుంది. మీకు ఉండకూడదా?"

దుప్పటి వెనక కుర్చీ కిర్రుమంది.

"ఏడవొచ్చు," అన్నాడతను. "తెర వెనక ఎవరూ చూడరు."

అప్పుడు ఏడ్చింది అమూల్య. చాలా నెలల ఏడుపు.

బయట జుబేదా జనానికి అడ్డంగా నిలబడింది. "కూర్చోండమ్మా, కూర్చోండి. లోపల తెర వేశారు. చీరలెక్కడికీ పారిపోవు."

కాసేపటికి దుప్పటి వెనక నుంచి బొంగురు గొంతు. "మీరూ పూజారేనా?"

"కాదండీ. లెక్కల మాష్టారిని."

"అనుకున్నా. వానలో ఇంత దూరం వచ్చి తప్పు దిద్దేది వాళ్లే."

అతను నవ్వాడు. ఆమెకి కనపడలేదు. వినపడింది.

ఆ సాయంత్రమే ఇద్దరూ రోశయ్య ఇంటికి వెళ్లారు. ఆ సింహాన్ని నేసేది ఆయనే.

"పడుగు దారాలు ఇంకా మగ్గం మీదే ఉన్నాయమ్మా. ఇంకోటి నేస్తా," అన్నాడు రోశయ్య. "అష్టమి సాయంత్రానికి దించుతా. నవమినాడు మాత్రం మగ్గం ముట్టను. ఆయుధపూజ. ఆ రోజు అది పూజ అందుకోవాలి గానీ పని చెయ్యకూడదు."

"మరి మొదటి చీర?" అడిగింది అమూల్య దారిలో.

"మీ ఒంటికి తగిలింది. ఇక అమ్మవారికి పనికిరాదు," అన్నాడు శరత్. "మీకు తప్ప ఎవరికీ పనికిరాదు."

అన్నాక తనే గతుక్కుమని వాన వైపు చూడసాగాడు.

దసరా సెలవులు. చీర ఎంతవరకు వచ్చిందో చూసే వంకతో శరత్ మళ్లీ వచ్చాడు. తర్వాత మళ్లీ. వచ్చినప్పుడల్లా దుప్పటి కట్టేవాడు.

"ఈ రోజు తెర వేశారా?"

"టైమెక్కడిదండీ మాష్టారూ? హైదరాబాద్ పార్సిళ్లు..."

"లోపలికి నడవండి."

"మీ క్లాసులో పిల్లల్నీ ఇలాగే అదిలిస్తారా?"

"వాళ్లు మీకంటే నయం. బెల్ కొడితే ఆడుకోవడానికి పోతారు."

తెర వెనక ఆమె టీ తాగేది. కొన్నిసార్లు నాన్న గురించి చెప్పేది. కొన్నిసార్లు ఊరికే కూర్చునేది. అవతల అతను ఉన్నాడని తెలుస్తూ ఉండేది. అంతే. కానీ అతను రాని రోజు ఆమె తెర వేసుకునేది కాదు. రాత్రి పక్క మీద కూడా ఫోన్ మోగుతున్నట్టే ఉండేది.

అష్టమి సాయంత్రం చీర మగ్గం దిగింది. నవమి తెల్లవారగానే అమూల్య దాన్ని తెల్లగుడ్డలో చుట్టి, పసుపు బొట్టు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, సంచిలో మెడకు ముందువైపు తగిలించుకుని స్కూటీ ఎక్కింది. తనే తీసుకెళ్లి ఇవ్వాలి. తప్పు తనది.

ఇంకొల్లు దాటాక ముందు స్టాండులో ఫోన్ మోగింది. ఎత్తలేదు. మళ్లీ మోగింది. హైదరాబాద్ మణికొండ నుంచి అరవై చీరలు అడిగిన మేడం. ఒక్క క్షణం తలదించి చూసింది.

తలెత్తేసరికి ఎదురుగా పత్తి బస్తాల ట్రాక్టరు.

హ్యాండిల్ పక్కకు తిప్పేసింది. స్కూటీ జారి గట్టు దిగి మిరప చేలో పడింది. ఆమె బురదలో.

"ఓ అమ్మాయ్! మొక్కలు తొక్కమాక!" చేలోంచి ఒకామె అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. మొహం చూడగానే గొంతు మార్చింది. "దెబ్బ తగిలిందా తల్లీ? లెగమాక. కూసో."

చీర కవరు గుండెలకు హత్తుకునే ఉంది. తడవలేదు. ఫోన్ బురదలో పడి ఇంకా మోగుతోంది.

అమూల్య దాని వైపు చూసింది. ఆ ట్రాక్టరు ఇంకొంచెం దగ్గర్లో ఉండుంటే? అప్పుడూ ఇలాగే మోగేది. ఇంట్లో, స్టెంట్ వేసిన గుండెతో, ఆ కబురు నాన్న వినాల్సివచ్చేది.

చున్నీ తీసి మొహం మీద కప్పుకుంది.

"ఏందమ్మా అది?"

"తెర," అంది లోపలి నుంచి. "కాసేపు."

ఈసారి అవతల ఎవరూ కాపలా లేరు. తన తెర తనే వేసుకుంది. ఊపిరి మెల్లమెల్లగా దారిలోకి వచ్చింది. అప్పుడు ఫోన్ తీసి, తుడిచి, స్విచ్చాఫ్ చేసింది. తెరిచి చూడలేదు.

గుడి మెట్ల మీద శరత్ ఆమెను చూసి పరుగున దిగాడు. "ఏమైంది? ఆ రక్తమేంటి?"

"మోచెయ్యి గీసుకుంది. చీరకేం కాలేదు."

"చీర సంగతి ఎవరడిగారు?" అని గట్టిగా అరిచాడు. మెట్ల మీది భక్తులు తిరిగి చూశారు. లెక్కల మాష్టారి కళ్లలో నీళ్లు.

పూజారిగారు చీర అందుకుని తెర వేశారు. తెర తీసేసరికి పండుమిరప రంగులో అమ్మవారు. కొంగు మీద సింహం. అమూల్య చేతులు జోడించింది.

ఆ తర్వాత ఆయుధపూజ. రైతులు కొడవళ్లు, మందు కొట్టే పంపులు తెచ్చి అమ్మవారి ముందు పెడుతున్నారు. అమూల్య తన ఫోన్ తీసి వాటి పక్కన పెట్టింది.

"రేపు పూజయ్యేదాకా ముట్టుకోకూడదమ్మా. ఆలోచించుకున్నావా?" అన్నారు పూజారిగారు.

"రోశయ్య తాత మగ్గానికి ఒక రోజుంది. నా ఆయుధం ఇదేనండీ. దీనికీ ఒక రోజు కావాలి."

శరత్ మొహం పాలిపోయింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. పొద్దున, ఆమె దారిలో ఉందని తెలియక, ధైర్యం కూడగట్టుకుని అతను పంపిన మెసేజ్ ఆ ఫోన్లో ఉంది. రాత్రంతా రాసి చెరిపి, చెరిపి రాసినది. ఇప్పుడది కుంకుమ కింద, అమ్మవారి ముందు, రేపటిదాకా.

గుడి నుంచే శరత్ ఫోన్లో ఇంటికి చేసింది అమూల్య. మధ్యాహ్నానికి జానకిరామయ్య కారులో వచ్చాడు. తోడు జుబేదా.

"నాన్నా, నీకొకటి చెప్పాలి. మొదటి చీర నేను..."

"లైవ్ నేనూ చూశా అమ్ములూ. సింహాన్ని నేను గుర్తుపట్టనా?"

"మరి ఒక్క మాట అనలేదే?"

"అంటే ఇంకా పరిగెడతావని. రోశయ్య రోజూ కబురు చెబుతూనే ఉన్నాడు." ఆయన ఆమె మోచేతి కట్టు తడిమాడు. "నేను పడ్డప్పుడు కొట్టు మూసేశాం కదే. చీరాలలో ఎవరైనా చీర లేకుండా తిరిగారా? ఈ రోజు కూడా షట్టర్ దించే వచ్చాం. నాకు సీజన్ వద్దు తల్లీ. నువ్వు కావాలి."

మర్నాడు విజయదశమి. అమూల్య నాన్నతో కలిసి ఫోన్ తీసుకోవడానికి వచ్చింది.

మండపంలో ఉన్న శరత్ ఎదురెళ్లబోయి ఆగాడు. ఆమె కట్టుకున్నది పండుమిరప రంగు చీర. పసుపు అంచు. భుజం మీద సింహం.

"ఎవరికీ పనికిరాదన్నారుగా," అంది. "వృథా ఎందుకని."

పూజారిగారు కుంకుమ అంటిన ఫోన్ ఆమె చేతిలో పెట్టి గర్భగుడిలోకి వెళ్లారు. అది ఇంకా నిద్రలోనే ఉంది.

"ఇందులో ఏముంది మాష్టారూ? నిన్న నేను దీన్ని ఇచ్చినప్పటి నుంచి మీ మొహం ఏదో పోగొట్టుకున్నట్టుంది."

"ఆన్ చేసి చదువుకోండి."

"చదవను. నాకు మెసేజ్‌లు బోలెడొస్తాయి. నోటితో చెప్పేవాళ్లే తక్కువ."

శరత్ ఒకసారి గర్భగుడి వైపు, ఒకసారి స్తంభం దగ్గర కూర్చున్న జానకిరామయ్య వైపు చూశాడు. తప్పించుకునే దారి కనపడలేదు.

"మీ తెర బయట కాపలా నిలబడే పని," అన్నాడు. "అది నాకిప్పించండి."

"సీజన్‌కేనా?"

"సీజన్ అయ్యాక కూడా. ఎప్పటికీ."

అమూల్య కొంగు సర్దుకుంది. "నా తెర నేను వేసుకోవడం నేర్చుకున్నా మాష్టారూ. నిన్న మిరప చేలో." అతని మొహం వాడిపోతుండగా మెల్లగా అంది. "కానీ బయట మీరుంటే బాగుంటుందని అప్పుడే అనిపించింది."

ఆ వెంటనే ఆమె కళ్లలో భయం. "మీ నాన్నగారు? మీరు పూజారుల ఇంటివాళ్లు. మేం నేతవాళ్లం."

లోపల హారతి పళ్లెం సర్దుతున్న పెద్దాయన తల తిప్పలేదు. "మీ ఇంటి నుంచి వచ్చిన చీర అమ్మవారే కట్టుకుంటోందమ్మా. కాదనడానికి నేనెవర్ని?" అని నైవేద్యానికి తెర లాగారు.

జానకిరామయ్య కండువాతో కళ్లొత్తుకున్నాడు.

మండపంలో అందరూ తెర వైపు తిరిగి నిలబడ్డారు. శరత్ ఆమె పక్కకు వచ్చాడు.

"నిన్నటి నుంచి ఎన్ని ఆర్డర్లొచ్చాయో," అన్నాడు గుసగుసగా. "ఆన్ చేయరా?"

అమూల్య ఫోన్‌ను కొంగులో ముడి వేసుకుంది.

"తెర తీయనివ్వండి," అంది.