పేరుపాలెం వెళ్లిన ఇంటిబండి

శనివారం ఉదయం ఐదున్నరకల్లా నాగలక్ష్మి పులిహోర కలిపి డబ్బాకెత్తి, "ఇంక లేవనోళ్లు ఈడనే ఉండుర్రి, మేం పోతున్నం" అని కేకేసింది. నిజానికి లేవనివాళ్లంటూ ఎవరూ లేరు. అత్తగారు సీతారావమ్మ నాలుగింటికే స్నానం చేసి, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద సిద్ధంగా ఉంది. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చినా ఆవిడకు సముద్రమంటే చిన్నపిల్ల సంబరమే.

ములకలపల్లికి అవతల, అడవి అంచున మిరప పండించే నాగలక్ష్మి భర్త చెంచురామయ్య ఇంట్లో అదో ఆనవాయితీ. కోతలు అయిపోగానే ఇంటిల్లిపాదీ పేరుపాలెం బీచికి పోవాలి. ఏటా కిరాయి జీపులో పోయి, అలసిపోయి, సాయంత్రానికల్లా వచ్చిపడేవారు. ఈసారి కూతురు రాజ్యశ్రీ బండిలో వెళ్తున్నారు. రెండు రోజులు అక్కడే మకాం. వంటా పడకా అన్నీ బండిలోనే.

ఆ బండి వెనక పెద్ద కథే ఉంది. రాజ్యశ్రీ హైదరాబాదులో ఒక ట్రావెల్స్ ఆఫీసులో ఐదేళ్లు పనిచేసి, ఊరంతా ముక్కున వేలేసుకునేలా ఉద్యోగం మానేసి, పాత టెంపో ట్రావెలర్ కొనుక్కొచ్చింది. సీట్లు పీకించి పరుపులు వేయించింది. పొయ్యి, నీళ్ల ట్యాంకు, ఏసీ పెట్టించింది. భద్రాచలం వచ్చే యాత్రికులకూ, సముద్రం చూడాలనుకునే కుటుంబాలకూ తనే నడుపుతూ కిరాయికి తిప్పాలని ఆమె పట్టుదల. ఊళ్లో దానికి ఇంటిబండి అని పేరు పడిపోయింది. చెంచురామయ్యకు మాత్రం అది కంట్లో నలుసు. ఆడపిల్ల ముక్కూమొహం తెలియనివాళ్లను ఎక్కించుకుని ఊళ్లు తిరగడమేమిటని ఆయన గోల. పక్క తండాలో ఉండే బిచ్యాకు బండి అమ్మేస్తామని మాట కూడా ఇచ్చి కూర్చున్నాడు.

"ఒక్కసారి నా బండిల పేరుపాలెం రా నాన్నా. రెండు రోజులుండి చూడు. అప్పుడు గూడ పనికిరాదంటే, సోమవారం నేనే తాళాలు తీస్కపోయి బిచ్యా అన్న చేతిల పెడత" అంది రాజ్యశ్రీ.

"మళ్ల మాట తప్పొద్దు."

"తప్పను. హైదరాబాదు పోయి పాత నౌకరే చేస్కుంట."

అదీ ఒప్పందం. ఓడితే ఏం పోగొట్టుకుంటుందో ఆమెకు తెలుసు. అయినా గెలుస్తాననే ధీమాతోనే తాళం తిప్పింది.

దమ్మపేట దాటేదాకా చెంచురామయ్య పక్క సీట్లో స్థిమితంగా కూర్చుంటే ఒట్టు. "బర్రె వస్తంది... లారీ వస్తంది... మెల్లగ..." అంటూ లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో చల్లగాలి మొహానికి తగిలేసరికి తల పక్కకి వాలి గురక మొదలైంది. ఆ గురక మళ్లీ భీమవరంలో టీ దగ్గరే ఆగింది.

పదకొండింటికి సరుగుడు చెట్ల నీడలో బండి ఆపింది రాజ్యశ్రీ. సీతారావమ్మ కుచ్చిళ్లు పైకి దోపుకుని నేరుగా నీళ్లలోకి నడిచింది. నాగలక్ష్మి చందువా చేపలు బేరమాడి తెచ్చి, బండిలోని పొయ్యి మీదే పులుసు పెట్టింది. చెంచురామయ్య రెండోసారి అన్నం కలుపుకుంటూ, "పొయ్యి బానే మండుతంది" అన్నాడు. ఆ మనిషి నోటి నుంచి ఆ మాత్రం మాట రావడమే గొప్ప. సగం గెలిచేశానని రాజ్యశ్రీ లోలోపలే గంతులు వేసింది.

ఎండ మండిపోతోంది. "ఏసీ వేస్త, అందరు ఒక కునుకు తియ్యిర్రి" అని కిటికీలన్నీ బిగించి తలుపు మూసింది.

ఐదు నిమిషాలైందో లేదో సీతారావమ్మ తుమ్మింది. ఒకటి కాదు, వరసగా ఏడు. ఆ వెంటనే నాగలక్ష్మి దగ్గు అందుకుంది. రాజ్యశ్రీకి గొంతు మండి, కళ్లలోంచి ధారలు కట్టాయి. నలుగురూ ఒకరి మీద ఒకరు పడుతూ ఇసుకలోకి దూకారు. పక్కన గొడుగు కింద కూర్చున్న వాళ్లు లేచి నిలబడి మరీ చూశారు.

చెంచురామయ్య కండువాతో కళ్లు ఒత్తుకుంటూ, "చూసినవా? డబ్బాల మనుషులు ఉంటరా? గిట్లనే బయటోళ్లకు అయితే ఏం జవాబు చెప్తవు?" అన్నాడు.

గ్యాసేమోనని రాజ్యశ్రీ సిలిండరు కట్టేసింది. వాసన చూసింది, పైపు చూసింది, ఎక్కడా లీకు లేదు. ఏసీలో కొత్తగా వేయించిన ఫిల్టరేమోనని విప్పి చూసింది. పరాయి కుటుంబం, చంటిపిల్లలతో ఇందులో ఎక్కి ఉంటే? నాన్న చెప్పిందే నిజమేమో అని మొదటిసారి అనిపించింది.

చివరికి పరుపు ఎత్తి చూసింది. కింద చెక్క సందుల్లో, మూలల్లో, పసుపుపచ్చగా మిరప గింజలు, ఎర్రటి పొడి, ఎండు తొడిమలు.

ఆమె గుప్పెడు గింజలు తెచ్చి తండ్రి ముందు అరచేయి చాచింది. నాగలక్ష్మి తలొంచుకుంది. సీతారావమ్మ మాత్రం, "నన్ను చూడకే తల్లీ. నోరు మూసుకొమ్మన్నరు, మూసుకున్న" అనేసింది.

చెంచురామయ్య ఇసుకలో చతికిలబడ్డాడు.

"గురువారం నువ్వు దుప్పట్లు తెస్తనని బస్సుల ఖమ్మం పోయినవు. సాయంత్రం ఒక్కసారే మబ్బు కమ్మింది బిడ్డా. కల్లంల బస్తాలన్నీ బయటనే ఉండె. నేను, మీ అమ్మ కలిసి నీ బండిల సర్దినం. పొద్దుగాల దించి ఊడ్చినం. ఘాటు గిట్ల పట్టుకుంటదని తెల్వదు."

"మరి ఇందాక పరుపు ఎత్తకముందు చెప్పొద్దా? గ్యాసేమోనని పానం పోయింది నాకు. తప్పంతా నాదే అన్నట్టు నిలబెట్టినవు!"

"సిగ్గయింది" అన్నాడాయన, నేలను చూస్తూ.

రాజ్యశ్రీ అరవాలనే నోరు తెరిచింది. ఇంతలో ఏదో తట్టి ఆగిపోయింది.

"పక్కన పిచ్చయ్య మామ షెడ్డు ఖాళీగనే ఉంది గద. అందుల ఎందుకు పెట్టలే?"

"దాని రేకులు కారుతయ్."

"ట్రాలీల వేసి పట్టా కప్పొచ్చు గద?"

"గాలికి పట్టా లేస్తే? ఏడాదంతా చేసిన కష్టం బిడ్డా."

"ఎన్ని తడిసినయ్?"

"ఒక్క కాయ తడవలే."

"అంటే ఊరంతట్ల నా బండే నమ్మకంగ కనపడ్డది. ఏడాది పంటకు పనికొచ్చిన బండి నాకెందుకు పనికిరాదు నాన్నా?"

చెంచురామయ్య గొంతు తగ్గించి అన్నాడు: "బండి మీద కాదమ్మా. రోడ్డు మీదనే నా భయం. నువ్వొక్కదానివే, ఏ ఊళ్లనో... నాకేమో ఇంటికాడ నిద్ర పట్టదు."

"నిద్ర పట్టదా? అశ్వారావుపేట కాడ పట్టిన నిద్ర భీమవరం దాక ఇడువలేదు నిన్ను. భయమున్న మనిషి గట్ల గురక పెడతడా? నా డ్రైవింగు మీద నమ్మకం లేకనే పండుకున్నవా?"

సీతారావమ్మ బోసినోరు తెరిచి పకపకా నవ్వింది. నాగలక్ష్మి కొంగు అడ్డం పెట్టుకుంది. చెంచురామయ్యకూ నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లు నిండాయి. లేచి కూతురి తల మీద చేయి వేశాడు. "నీ మీద నమ్మకం నాకు తెల్వకుండనే ఉన్నది బిడ్డా. ఒప్పుకునుడే చాతగాలే. తప్పయింది" అన్నాడు. ఆ చేయి అలాగే చాలాసేపు ఉండిపోయింది.

తర్వాత ఆయనే పరుపులు బయటికి మోసి, సరుగుడు కొమ్మతో దులిపాడు. ట్యాంకు నీళ్లతో చెక్కలన్నీ కడిగాడు. మధ్యలో ఫోను మోగింది. తడి చేయి పంచెకు తుడుచుకుని ఎత్తాడు.

"ఆ, చెప్పు బిచ్యా... లేదు, బండి అమ్ముడు లేదు... అవ్, నేనే చెప్తున్న. కావాలంటే కిరాయికి తీస్కో. పిల్లలను తీస్కొని సముద్రానికి పో, మస్తుంటది... రేటా? నాకేం తెల్సు? ఓనరు ఈడనే ఉన్నది, మాట్లాడు."

ఫోను కూతురి చేతిలో పెట్టి, ఆయన మళ్లీ చెక్కలు కడగడంలో పడ్డాడు. అవతల బిచ్యా "హలో, ఓనరమ్మా" అని రెండుసార్లు పిలిచాడు. ఆమె మోచేత్తో కళ్లు తుడుచుకుని, నిటారుగా నిలబడింది.

"చెప్పు బిచ్యా అన్నా, ఏ తారీఖున పోదాం?" అంది.