ఎరుపు రెండు, తెలుపు ఒకటి

దయ్యాలను పట్టేవాడు గొడుగు మర్చిపోయి వచ్చాడు. ఏలూరు కాలువ గట్టున, సాయిబుగారి సత్రం మెట్ల మీద, నెత్తి మీంచి వాన నీళ్లు కారుతుంటే కెమెరాను మాత్రం చొక్కాలో దాచుకుని నిలబడ్డాడు.

"నేనండీ, అర్షద్‌ని. తాడేపల్లిగూడెం నుంచి. మన చానల్ చూస్తుంటారు కదండీ?"

"చూశాను. మా సత్రంలో దయ్యం ఉందని చెప్పింది మీరే. లోపలికి అడుగు పెట్టకుండానే చెప్పారు" అంది ఉజ్మా. తువ్వాలు ఇవ్వలేదు.

"గేటుకి తాళం వేసుందండీ."

"దయ్యం వేసుకుని ఉంటుంది."

అతను నవ్వాడు. ఆమెకు ఒళ్లు మండింది. నవ్వినప్పుడు బుగ్గన సొట్ట పడటం ఇంకో తలనొప్పి.

కాలువలో పడవ ప్రయాణాలు సాగిన రోజుల్లో ఉజ్మా ముత్తాత కట్టించిన సత్రం అది. తాత అబ్దుల్ సలాం చేతికొచ్చాక కూడా గదులు ఖాళీగా ఉండేవి కావు. ఈ ఏడే ఏదో శని పట్టింది. రాత్రిళ్లు మేడ మీద దబ్ దబ్‌మని చప్పుడు, ఆడగొంతు. వెనక వాటాలో పడుకునే ఇంటివాళ్లకు మాత్రం ఏదీ వినపడేది కాదు. దిగినవాళ్లు దిగినట్టే పెట్టె సర్దుకుని పోయారు. అర్షద్ వీడియో తర్వాత కొత్తగా దిగేవాళ్లే లేరు.

రేపు శుక్రవారం, జుమా నమాజు అయ్యాక సత్రం అమ్మకం కాగితాల మీద సంతకం పెడతానని సలాం చెప్పేశాడు. కొనేవాడు పడగొట్టి షాపులు కడతాడట. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, కొల్లేరు పక్షులను చూడ్డానికి వచ్చేవాళ్లతో ఈ గదులు నింపాలని కలలు కన్న ఉజ్మాకు ఈ రాత్రి ఒక్కటే మిగిలింది. అందుకే, ముల్లును ముల్లుతోనే తీద్దామని అర్షద్‌ను తనే పిలిచింది.

"పందెం గుర్తుందా?"

"ఉందండీ. దయ్యం ఉంటే మీరు కెమెరా ముందు ఒప్పుకుంటారు. లేకపోతే నేను తప్పు చెప్పానని లైవ్‌లో ఒప్పుకుంటాను."

సలాం వరండాలోకి వచ్చి కుర్రాణ్ణి ఎగాదిగా చూశాడు. "చేపల పులుసుంది, తిను బాబూ. ఖాళీ కడుపుతో దయ్యాల పని పెట్టుకోకు" అని, చెవి మిషన్ తీసి జేబులో వేసుకుని, వెనక వాటాలోకి పడుకోవడానికి వెళ్లిపోయాడు. నాయనమ్మ ఖదీజా అప్పటికే పడుకుంది. పడుకుందనే అందరూ అనుకున్నారు.

మేడ మెట్ల మీద ఎలుక పరుగెత్తింది. అర్షద్ గబుక్కున ఉజ్మా చున్నీ అంచు పట్టుకున్నాడు.

"మీకు భయమా?"

"నిజం చెప్పనా అండీ? ఇంతవరకూ ఒక్క దయ్యాన్నీ చూళ్లేదు. కనిపిస్తే ఏం చేయాలో కూడా తెలీదు."

"మరెందుకొచ్చారు?"

"నా వీడియో కింద మీరు రాసింది చదివానండీ. 'మీ సరదాకి మా ఇల్లు పోతోంది' అన్నారు. ఆ రోజు నుంచి అన్నం సయించలేదు."

 చున్నీ అంచు వదలమని మాత్రం ఉజ్మా అనలేదు.

అంతలో పైన దబ్‌మంది. ఆ వెంటనే సన్నటి గొంతు. "ఎరుపు రెండు... తెలుపు ఒకటి... నీలం మూడు..."

అర్షద్ కెమెరాలో లైవ్ పెట్టాడు. చూస్తున్నవాళ్లు పారిపొమ్మని సందేశాల మీద సందేశాలు పెడుతున్నారు.

"ఎరుపంటే రక్తమండీ. తెలుపంటే శవానికి చుట్టే కఫన్" అన్నాడు అర్షద్ వణుకుతూ.

"నీలం?"

"నీలం... ఇప్పుడు నా మొహమండీ."

అంటూనే ఆమెను వెనక్కి జరిపి తను ముందుకు నడిచాడు.  ఉజ్మా కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. సగం అతన్ని చూసి, సగం ఆ గొంతు విని. చిన్నప్పుడు ఆ రంగులు వింటూనే కదా తను నిద్రపోయింది.

"ఆగండి. అది మా దాదీ, మా నాయనమ్మ."

పాత సామాన్ల గది తలుపు కింద వెలుతురు కనిపించింది. తలుపు తోసేసరికి లోపల మగ్గం. మగ్గం ముందు ముసుగు జారి, జుట్టు విరబోసుకుని ఖదీజా. చేతిలో ముడులను బిగగొట్టే ఇనప దువ్వెన. అర్షద్ చటుక్కున కెమెరాను గోడవైపు తిప్పి, తనూ అటే తిరిగాడు.

"ముసుగు వేసుకోండి నానమ్మగారూ. ఎవరికీ కనపడలేదండీ."

ఆ ఒక్క మాటతో ఉజ్మా మనసు అతనిదైపోయింది.

"మీరా ఆ నడిచేది?" అంది ఖదీజా గుండె మీద చెయ్యి వేసుకుని. "ఆమధ్య రాత్రిళ్లు తలుపు బయట ఎవరో పిల్లిలా నడుస్తుంటే దయ్యమనుకున్నాను. ఖురాన్ ఆయతులు చదువుకుంటూ నేస్తున్నాను."

ఆమె దువ్వెన చప్పుడు విని దయ్యమేమోనని బసకు దిగినవాళ్లు తలుపు దాకా వచ్చారు. వాళ్ల అడుగులకు ఆమె హడలిపోయింది. ఏడాదిగా ఒకళ్లనొకళ్లు బెదరగొట్టుకున్నారన్నమాట. తివాచీ నేతలో ఒకరు రంగు చెబితే పక్కవాళ్లు ముడి వేస్తారు. పక్కన ఎవరూ లేకపోయినా ఖదీజాకు ఆ అలవాటు పోలేదు. తనే చెప్పుకుంటూ తనే ముడి వేసుకుంటోంది.

ఉజ్మా వెళ్లి తాతను లేపుకొచ్చింది. మగ్గాన్ని చూడగానే సలాం కొయ్యబారిపోయాడు.

"అమ్మేశానన్నావు కదా ఖదీజా? కళ్లు పాడవుతాయనే కదా వద్దన్నాను."

"కళ్లతో ఎవరు నేస్తున్నారండీ? వేళ్లతో కదా. ఏవండీ, మనవరాలి పెళ్లికి ఈ ఇంటి తివాచీ పరవద్దా?"

మగ్గం మీద ఎర్రటి పువ్వులు, నీలం తీగలు, మధ్యలో తెల్లటి కొల్లేటి కొంగలు. సలాం వాటిని మెల్లగా నిమిరాడు. 

"కెమెరా ఆపేస్తానండీ" అన్నాడు అర్షద్.

"వద్దు. చూపించండి, అందరూ చూడాలి" అంది ఉజ్మా. ఖదీజా కూడా తల ఊపింది.

అర్షద్ కెమెరా ఇటు తిప్పాడు. "నేను తప్పు చెప్పానండీ. ఇక్కడ దయ్యం లేదు. ఏలూరు తివాచీ నేసే నానమ్మ ఉన్నారు. ఎంత బాగా నేస్తారో మీరే చూడండి."

తెల్లవారేసరికి సత్రం ఫోన్ మోగడం మొదలుపెట్టింది. నానమ్మ మగ్గం చూడాలి, గదులున్నాయా అని ఒకటే అడగడం. జుమా నమాజుకు ముందే సలాం కొనేవాడికి ఫోన్ చేశాడు. "క్షమించండి బాబూ, ఇల్లు ఖాళీ లేదు" అని పెట్టేశాడు. పెట్టేసి, చాలాకాలం తర్వాత గట్టిగా నవ్వాడు.

గూడెం వెళ్లడానికి బ్యాగు సర్దుకున్న అర్షద్ మగ్గం గది గుమ్మంలో ఆగిపోయాడు. లోపల దాదీ పక్కన ఉజ్మా కూర్చుని ముడి వేస్తోంది.

"పెళ్లికొడుకు దొరికేలోపు ఇది పూర్తవుతుందా అని నా బెంగ" అంది ఖదీజా.

"దొరికాడు దాదీ. ఎలుకంటే భయం, అదొక్కటే లోపం."

అర్షద్ చేతిలో బ్యాగు జారింది. ఖదీజా అతన్ని తేరిపార చూసి, పక్కన పీట జరిపింది.

"కూర్చో నాయనా. నా గొంతు అలిసిపోయింది. ఇక రంగులు నువ్వు చెప్పు."