తలుపు వెనక చెల్లెలి గొంతు

“లోపల మగాడెవడో ఉన్నాడే మార్లెనీ!... మన కొంప మునిగిందే తల్లీ!”

బజారు నుంచి వచ్చిన మార్లెని ఇంకా సంచీ కింద పెట్టనైనా లేదు. తల్లి ఒఫీలియా గుండెలు బాదుకుంటూ ఎదురొచ్చింది. ఒక చేతిలో జపమాల, రెండో చేతిలో చీపురు!

“ఏమైందమ్మా? ఎవరి గదిలో?”

“ఇంకెవరి గదిలో? నీ ముద్దుల చెల్లెలి గదిలో! వేడిగా బెల్లం పానకం ఇద్దామని వెళ్తే తలుపు గడియేసుంది. చెవి పెట్టి విన్నాను... ‘ముద్దు... ముద్దు... వెన్నెల...’ అంటోందే! ఆ తర్వాత చప్పుడు... ప్చ్! ప్చ్! అని! ఆ చప్పుడేంటో తెలీనంత పిచ్చిదాన్నా? ఇద్దర్ని కన్నాను నేను!”

మార్లెని సంచీ అక్కడే వదిలేసి గది వైపు పరుగెత్తింది. లుసేరోనా? తన లుసేరోనా? పువ్వులా పెంచుకున్న చెల్లెలు! ప్రోగ్రామర్ ఉద్యోగం తెచ్చుకుని, మనిజాలెస్ ఊళ్లో కొండవాలు మీది ఈ పాత ఇంటికి వెలుగు తెచ్చిన పిల్ల! పొద్దస్తమానం కీబోర్డు మీద టకటక కొట్టీ కొట్టీ ఒకనాడు దాని మణికట్లు మొరాయించాయి. చొక్కా గుండీ కూడా పెట్టుకోలేక మంచం మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇక కీబోర్డు ముట్టుకుంటే చేతులు శాశ్వతంగా పోతాయని డాక్టరు చెప్పిన రోజు, మార్లెని ఇంకేమీ ఆలోచించలేదు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, చెల్లెలి పక్కన కుర్చీ వేసుకుంది. లుసేరో నోటితో చెప్పేది, ఆమె కొట్టేది. ఆ చుక్కలు, ఆ బ్రాకెట్లు ఎందుకో ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. అయినా ఒక్క చుక్క పొల్లుపోకుండా కొట్టేది!

అందుకోసం ఆమె ఏం వదులుకుందో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదనే అనుకుంటోంది... మూలమీది రొట్టెల కొట్టులో పనిచేసే ఎవెలియో, సముద్రం ఒడ్డున శాంతమార్తలో అన్నతో కలిసి సొంత కొట్టు పెట్టబోతున్నాడు. “పెళ్లి చేసుకుని వెళ్దాం, వస్తారా?” అని అడిగాడు. కళ్లలో నీళ్లు కనపడకుండా తల తిప్పుకుని ఆమె ఒక్కటే మాట అంది. “మా చెల్లెలికి ఇప్పుడు నా చేతులే దిక్కు, ఎవెలియో. నన్ను మరిచిపోండి.”

అలాంటి చెల్లెలు కొన్ని వారాలుగా పొద్దున్నే “నువ్వలా బయటికెళ్లి రా అక్కా, మధ్యాహ్నం పని చేద్దాం” అని తనని పంపించేస్తోంది. ఇందుకా?... ఇందుకేనా?

“లుసేరో! తలుపు తియ్యవే!” మార్లెని తలుపు బాదింది. లోపల ‘ప్చ్’ చప్పుడు ఆగింది. మోచేత్తో గడియ తోసిన చప్పుడయింది.

గదిలో లుసేరో ఒక్కతే ఉంది. నోటి దగ్గరికి వంగిన చిన్న మైకు, కంప్యూటరు తెర కింద వేలెడంత కెమెరా. ఒఫీలియా చీపురు పట్టుకుని మంచం కింద చూసింది. బీరువా వెనక చూసింది. కిటికీలోంచి వీధిలోకి తొంగి చూసింది.

“ఎక్కడే వాడు?”

“ఎవడమ్మా?”

“ఇందాక ముద్దులు పెట్టావే, వాడు!”

లుసేరో ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే ఉంది! “అయ్యో అమ్మా! ‘ముద్దు’ అంటే ఒక అక్షరం. ‘వెన్నెల’ అంటే ఇంకో అక్షరం. అక్షరానికో చిన్న మాట పెట్టుకున్నాను. నేను అంటే అది రాస్తుంది. నా కళ్లు ఎటు చూస్తే తెర మీద బాణం అటు పోతుంది. పెదాలతో ప్చ్ అంటే మౌసు నొక్కినట్టు. చూడు!”

ఆమె ఏదో అంది. తెర మీద అక్షరాలు బిలబిలా వచ్చి వరసలో నిలబడ్డాయి. చేతులు మాత్రం ఒళ్లో హాయిగా పడుకుని ఉన్నాయి!

“మేరీమాతా! ఇదేం చోద్యమే! దెయ్యమా, భూతమా... చెరిపెయ్ చెరిపెయ్, నాకు భయమేస్తోంది!”

“అమ్మా, మాట్లాడకు! నిజంగానే చెరిపేస్తోంది!”

“నా ఇంట్లో నన్ను నోరు మూసుకోమంటుందా ఈ డబ్బా?”

లుసేరో నవ్వాపుకుంటూ మైకు పక్కకి నెట్టింది. కానీ మార్లెని నవ్వలేదు. గోడకి ఆనుకుని తన చేతుల వైపే చూసుకుంటోంది.

“అయితే... ఇక నేనక్కర్లేదన్నమాట,” అంది నెమ్మదిగా.

ఆ మాటకి లుసేరో నవ్వు ఎగిరిపోయింది. “ఏం మాటక్కా అది! నువ్వక్కర్లేకపోవడమేంటి? రొట్టెల కొట్టు ముందు నువ్వు ఎవెలియోతో అన్న మాట విన్నానే నేను! నీ వెనకే నిలబడ్డాను. ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. నా పని కోసం నీ బతుకు పోతుంటే చూస్తూ కూర్చోనా?”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!”

“చెబితే సాగనిచ్చేదానివా? ‘నా చేతులు లేవా’ అని ఏడ్చేదానివి. పైగా మొదట్లో నేనొకటంటే అదొకటి రాసేది. నీకు ఆశ చూపించి, చివరికి చేతకాక పోతే?... ఇప్పుడు వచ్చిందక్కా! ఈ వారం పని మొత్తం నోటితోనే చేసి పంపాను. ఆఫీసులో ఎవరికీ తేడా తెలీలేదు!”

ఒఫీలియా మంచం మీద కూలబడింది. చీపురు జారిపోయింది. “పెళ్లి అడిగాడా? దీన్నా? అడిగితే కాదందా?... అయ్యో పాపిష్టిదాన్ని! నిన్నెవరూ చేసుకోరు, మొహంలో కళ లేదని ఎన్ని మాటలన్నానే నిన్ను! ఒక్కసారైనా ఎదురు చెప్పావా తల్లీ...” అంటూ పెద్దకూతురి రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

మార్లెని ఎన్నాళ్లో బిగబట్టిన ఏడుపు అప్పుడు కట్టలు తెంచుకుంది. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఏడుపు మధ్యలోనే ఆమె అడిగింది, “మరి దీనికి జుట్టెవరు దువ్వుతారమ్మా? గిన్నెలెవరు తోముతారు?”

“ఏం, నేను చచ్చాననుకున్నావా?” కసిరింది ఒఫీలియా, ముక్కు చీదుతూ.

లుసేరో కొంటెగా చూసింది. “అయినా ఆలస్యమైపోయిందక్కా. బావకి కబురు పంపేశాను. ఆదివారం వస్తున్నాడు.”

“ఎవరే బావ?” సిగ్గుతో మార్లెని చెవులు కందిపోయాయి.

ఆదివారం చర్చిలో పూజ అవగానే ఎవెలియో వచ్చాడు. జుట్టు నున్నగా దువ్వుకుని, పొగలు కక్కే చీజు రొట్టెల పళ్లెంతో కుర్చీ అంచున ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఒఫీలియా అడగని ప్రశ్న లేదు. తాగుతావా? అప్పుడప్పుడు, అమ్మగారూ. నీ వదిన గయ్యాళిదా? కొంచెం, అమ్మగారూ. ఆ నిజాయితీ ఆవిడకి తెగ నచ్చింది.

చివరికి అతను మార్లెని వైపు తిరిగాడు. “ఇంకొక్కసారి అడుగుతున్నాను. వస్తారా?”

బయట పొగమంచు కిటికీ దాకా వచ్చి ఆగింది. మార్లెని తలెత్తలేదు. భుజాల మీది శాలువా అంచుని వేలికి చుట్టుకుంటూ మెల్లగా అడిగింది:

“శాంతమార్తలో ఎండ మండిపోతుందంటారు కదా... నా ఉన్ని శాలువాలన్నీ అమ్మకి ఇచ్చేసి రానా?”

పాపం, ఎవెలియోకి అర్థం కాలేదు. “ఎండ నిజమేనండీ, కానీ సాయంత్రం గాలి...” అని మొదలుపెట్టాడు.

“ఓరి నా వెర్రి నాయనా!” ఒఫీలియా కళ్లు తుడుచుకుంటూ అతని వీపు మీద ఒక్కటి చరిచింది. “వస్తానంటోందిరా!”