యలమందయ్య గారి లేత్

కరెంటు లేకుండా లేత్ మిషన్ తిరుగుతుందా? తిరగదు. ఆ సంగతి చైతన్యకృష్ణకి మీకన్నా నాకన్నా బాగా తెలుసు. అందుకే 2003 మార్చిలో, అకాల వాన దంచికొడుతున్న ఆ మధ్యాహ్నం, కరెంటు పోయిన షెడ్డులో చెక్కాల్సిన ఇనుప ముక్కని బిగించి తిప్పే లేత్ చక్ మెల్లగా తిరుగుతుంటే చూసి అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

మిగతా పనివాళ్ళంతా పక్క కల్లంలో మిరపకాయల మీద పట్టాలు కప్పడానికి పరుగెత్తారు. తిరుగుతున్నది యలమందయ్య మిషన్. యలమందయ్య కార్తీకంలో ఆ మిషన్ దగ్గరే గుండాగి పోయాడు.

మిషన్ పక్కన ఒకమ్మాయి నిలబడి ఉంది. జడ తడిసి నీళ్ళు కారుతున్నాయి.

"ఏవండీ! దాన్నెందుకు తిప్పారు?"

"నేనా? ఇప్పుడేగా వచ్చింది! మీరే తిప్పి భయపెడుతున్నారనుకున్నా."

"గుమ్మంలో ఉన్నవాణ్ణి ఎలా తిప్పుతానండీ?"

"మరి ఎవరు?"

చక్ ఆగింది. చైతన్య ధైర్యం చేసి చెయ్యిపెట్టాడు. పొద్దుట్నుంచీ ఎవరో పనిచేస్తున్నట్టు ఇనుము వెచ్చగా ఉంది.

"వెచ్చగా ఉందా? నాన్న చెయ్యి కూడా అలాగే ఉండేది," అంది.

అప్పుడర్థమైంది, ఆమె యలమందయ్య కూతురని. పేరు లక్ష్మీదుర్గ. పాలిటెక్నిక్ పూర్తిచేసి నాన్న సీటు అడగడానికి వచ్చింది.

నల్లపాడులోని ఆ కార్ఖానాలో లేత్‌లు తయారవుతాయి. యజమాని తాళం వేసి పోతే పనివాళ్ళే తలా కొంత వేసుకుని కొనుక్కుని, సొసైటీగా నడుపుకుంటున్నారు. అందరూ కూలీలే, అందరూ ఓనర్లే. టీలో పంచదార తగ్గించాలన్నా మీటింగే! సభ్యుడు పోతే ఇంట్లోవాళ్ళు ఆ సీటుకి రావచ్చు, కానీ అందరూ చేతులెత్తాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా ఆ మిషన్ వరసలో తర్వాతివాడికి వెళ్తుంది.

ఆ తర్వాతివాడు చైతన్యే. ఏళ్ళ తరబడి తుప్పు డ్రిల్లింగ్ మిషన్ మీద నడుం విరగ్గొట్టుకున్నవాడికి ఆ లేత్ అంటే ఎంత ఆశో వేరే చెప్పాలా?

మీటింగ్ దాకా లక్ష్మీదుర్గ రోజూ వచ్చి మిషన్ తుడిచేది.

"మీకెందుకండీ ఈ గ్రీజు గోల? హాయిగా కంప్యూటర్ నేర్చుకోవచ్చుగా."

"మీరు నేర్చుకోండి. లేత్ నాకొదిలేయండి."

బుగ్గన గ్రీజంటినా ఆ పిల్ల అందంగానే ఉంది, ఏం చేస్తాడు పాపం! మనసు పిల్లవైపు లాగితే, ఆశ మిషన్‌వైపు లాగింది. పైగా ఇద్దరూ కాస్త దగ్గరగా నిలబడితే చాలు, లేత్‌లోంచి 'టక్' మని చప్పుడు.

"ఊరికే మాట్లాడుకుంటున్నాం నాన్నా!" అనేది ఆమె నవ్వుతూ. చైతన్య మాత్రం చటుక్కున రెండడుగులు వెనక్కి వేసేవాడు.

శనివారం సాయంత్రం మీటింగ్ పెట్టారు. ప్రెసిడెంటు మాబు సాహెబ్ చేతులెత్తమన్నాడు. అందరి చేతులూ లేచాయి. చైతన్య చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. తప్పని తెలుసు, అయినా లేవలేదు.

అంతలో కరెంటు పోయింది.

అతని మోచేతి కింద ఎవరిదో చెయ్యి తగిలింది. వెచ్చగా, జిడ్డుగా ఉంది. పసిపిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు నెమ్మదిగా పైకి లేపింది. కరెంటు వచ్చేసరికి చైతన్య చెయ్యి తలకన్నా ఎత్తున ఉంది. వెనక్కి తిరిగి చూస్తే ఉత్త గోడ.

"అందరూ ఒప్పుకున్నట్టే!" అన్నాడు మాబు సాహెబ్. జనం టీలకి లేచారు.

లక్ష్మీదుర్గ పరుగున వచ్చింది. "థాంక్సండీ! మీరెత్తరేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నా."

ఆ మాటకి నవ్వి ఊరుకుంటే ఏ గొడవా లేదు. ఊరుకోలేకపోయాడు.

"నేనెత్తలేదండీ. మీ నాన్నగారెత్తారు."

చొక్కా మోచెయ్యి చూపించాడు. తెల్లబట్ట మీద నల్లటి వేళ్ళ ముద్ర. ఆమె దాన్ని తాకింది. కళ్ళు తుడుచుకున్నాక కోపం వచ్చింది.

"అంటే మీరు నన్ను వద్దన్నారన్నమాట! మా నాన్న ఓటుతో మా నాన్న సీట్లో కూర్చోమంటారా? నాకక్కర్లేదు. మిషన్ మీరే తీసుకోండి. ఇంక నాతో మాట్లాడకండి."

ఆమె గుమ్మం దాటబోతుంటే లేత్ తన చేతికొస్తోందన్న సంగతే చైతన్యకి గుర్తు రాలేదు. ఈ పిల్ల మళ్ళీ రాదన్న భయం ఒక్కటే మిగిలింది.

"ఆగండి! నా ఓటు చెల్లదు. మళ్ళీ పెట్టండి!" అని అరిచాడు.

"ఏరా, మతిగానీ పోయిందా? టీ చల్లారిపోతోంది," అన్నాడు మాబు సాహెబ్.

"పోయిందండీ. పెట్టండి."

గొణుక్కుంటూనే అందరూ మళ్ళీ కూర్చున్నారు. లక్ష్మీదుర్గ గుమ్మంలోనే ఆగింది. ఈసారి అందరికన్నా ముందు చైతన్య రెండు చేతులూ ఎత్తాడు. ఆ వెనకే మిగతా చేతులన్నీ లేచాయి.

"ఒరేయ్, మనిషికి ఒకటే ఓటురా! రెండోది దేనికి?"

"మొదటిది సీటుకండీ." లక్ష్మీదుర్గ వైపు చూశాడు. "రెండోది... ఆవిడకిష్టమైతే, నాకు."

జనం గొల్లున నవ్వారు. మాబు సాహెబ్ కూడా నవ్వు ఆపుకుంటూ, "దీనికి ఎవరికన్నా అభ్యంతరమా?" అన్నాడు. అనేసి, ఎందుకో మూలనున్న లేత్ వైపు తిరిగాడు. అందరూ తిరిగారు. నవ్వులు ఆగిపోయాయి.

చక్ కదల్లేదు. చిన్న చప్పుడు కూడా రాలేదు.

"నాకిప్పుడు ఓటుందిగా," అంది లక్ష్మీదుర్గ, మెల్లగా చెయ్యెత్తుతూ.