క్యూలో చివరి జాబ్

"నా జాబ్‌ని మళ్ళీ పక్కకి నెట్టేశారా?"

తలెత్తకుండానే కంప్యూటర్ గదిలోని ఆపరేటరమ్మాయికి తెలిసిపోయింది, పైఅంతస్తు ప్రోగ్రామర్ అని. కంప్యూటర్‌కిచ్చే ప్రతి పనినీ అక్కడ జాబ్ అంటారు. ఆరు నెలలుగా రోజూ ఆ జాబ్ గురించే ఈ గోల.

"నేను కాదండీ, మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరే నెట్టింది. ఆసుపత్రి వాళ్ళ పని వచ్చింది, అది పైవరుసలోది. మీదాన్ని ఉన్నచోటే ఆపి, దాన్ని ముందు నడుపుతోంది."

"నాలుగింటికి పరీక్షా ఫలితాలు రావాలండీ. పిల్లలంతా కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చున్నారు."

మూడూ నలభై అయింది. ఆ నాలుగింటికే నాన్న ఫోన్ చేస్తారు. నిన్న చూసి వెళ్ళిన సంబంధానికి ఆమె అవునో కాదో చెప్పెయ్యాలి. కాదనడానికి కారణం ఉంది. ఆ కారణం ఎదురుగా నిలబడి జాబ్ జాబ్ అని ప్రాణం తీస్తోంది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

విసురుగా అతని జాబ్ వివరాలు తెరిచింది.

"ఇదేంటి? ఫలితాల జాబ్‌ని ఎవరైనా అట్టడుగు ప్రాధాన్యంతో వేస్తారా? నిన్నటిదీ అంతే, మొన్నటిదీ అంతే."

అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు. "రోజూ అలాగే వేస్తాను. అలవాటుగా ఇవాళా వేసేశాను."

"ఎందుకలా?"

"పైవరుసలో వేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. ఇక కిందికి రావడానికి వంకేముంటుంది? అసలు నేను మీతో..."

ఫోన్ మోగింది. నాన్నేనేమోనని ఆమె అందుకుంది. నాన్న కాదు, పరీక్షల ఆఫీసు వాళ్ళు. "ఇదిగో, వచ్చేస్తున్నాయండీ" అంటూనే ఆ జాబ్ ప్రాధాన్యం పెంచేసింది. ఇక ఆసుపత్రి పని అవగానే దీనిదే వంతు.

ఆసుపత్రి పని ఇంకా నడుస్తూనే ఉంది. ఇద్దరూ తెర వైపే చూశారు. మూడూ యాభై నాలుగుకి అది ముగిసింది. ఫలితాల జాబ్ కదిలింది. మళ్ళీ మొదటి నుంచి కాదు, ఆగిన చోటి నుంచే. నాలుగింటికి నిమిషం ముందు పూర్తయింది.

"బతికించారు. వస్తానండీ," అని అతను తలుపు వైపు నడిచాడు. చెప్పాల్సిన మాట మింగేసి పోతున్నాడు మహానుభావుడు.

ఫోన్ మోగింది. ఈసారి నాన్నే.

"ఒక్క నిమిషం నాన్నా," అని ఆమె రిసీవర్‌ని బల్లమీద పెట్టింది.

"ఎక్కడికండీ? 'అసలు నేను మీతో' దగ్గర ఆగారు. అక్కడి నుంచి కానివ్వండి."

అతను తలుపు దగ్గర నుంచి వెనక్కి వచ్చాడు. "మీతో... జీవితమంతా ఉండాలనుకుంటున్నాను," అన్నాడు, సగం మాట గొంతులోనే ఉంచుకుని.

ఆమె కళ్ళు తుడుచుకుంటూ రిసీవర్ అందుకుంది. ఆమె నోరు తెరిచేలోపే అవతలి నుంచి నాన్న అన్నారు:

"అమ్మాయ్, ఆ అబ్బాయిని కాస్త గట్టిగా చెప్పమను. మీ అమ్మకి వినపడలేదట."