మా దగ్గర నేసే ఆయన

ఆదివారం పొద్దున్నే పెడనలో అంకమ్మరావు మగ్గం ఆపేశాడు. "నీ మీటింగ్ అయ్యేదాకా ముట్టుకోనులే తల్లీ" అన్నాడు కూతురితో.

రేణుక విజయవాడలో ఎంబీఏ చదువుతోంది, వారం వారం ఇంటికొస్తుంది. వాళ్ళ కాలేజీ, హైదరాబాద్‌లో ఇంకో కాలేజీ కలిసి జూమ్‌లో ఒక ప్రాజెక్టు చేయిస్తున్నాయి. దేని మీదనుకున్నారు, చేనేత చీరల అమ్మకాల మీద. ఆ ఇంట పుట్టిన పిల్ల మాత్రం తాము నేతవాళ్ళమని అక్కడ ఒక్కరికీ చెప్పలేదు. మాకు చీరల వ్యాపారం అని చెప్పుకుంది.

ఇంటికి పెద్దమనిషి వస్తే ఎదురెళ్ళి నమస్కారం పెట్టాలన్నది అంకమ్మరావు పద్ధతి. కూతురికి చదువు చెప్పే సారు తెర మీద వచ్చినా వచ్చినట్టే అనుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు గానీ జుట్టులో నూలు పీచు అలాగే ఉంది. రేణుక వెనక నిలబడి చేతులు జోడించాడు.

ప్రొఫెసర్ హేమసుందర్ ముచ్చటపడి, ఎవరమ్మా అని అడిగారు. తెరలో అందరూ చూస్తున్నారు. రేణుక తడుముకోలేదు, అదే పాపం.

"మా దగ్గర నేసే ఆయనండీ."

అంకమ్మరావు చేతులు దించుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

లాప్‌టాప్ మూసేదాకా ఆగి, తల్లి చౌడేశ్వరి వంటింట్లోంచి వచ్చింది. అనుకోకుండా నోటికొచ్చేసిందమ్మా అని గొణిగింది రేణుక.

"అనుకోకుండా వచ్చేది నిజమే. అబద్ధం అనుకునే చెప్పాలి" అంది చౌడేశ్వరి. "ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాను. నువ్వు ఏటి మధ్యలోనే తగలేశావు కదే."

ఆ మధ్యాహ్నం అంకమ్మరావు కంచం పట్టుకుని వీధి అరుగు మీదకు పోయాడు. కూలి నేతకొచ్చేవాళ్ళు క్యారేజీలు విప్పుకునే చోటది. వారమంతా అక్కడే తిన్నాడని చౌడేశ్వరి ఫోన్‌లో చెప్పింది. రేణుక హాస్టల్లో అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. ఏడుపుకేం, ఎవరికైనా వస్తుంది. ఆ మాట అన్నచోటే సరిదిద్దుకోవాలంటేనే గుండె కావాలి.

మళ్ళీ ఆదివారం మీటింగ్ మొదలవగానే రేణుక లాప్‌టాప్ పట్టుకుని మగ్గం గదిలోకి నడిచింది. అంకమ్మరావు మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. హేమసుందర్ గారు గుర్తుపట్టి పలకరించారు. వీళ్ళ దగ్గర ఎన్నాళ్ళ నుంచి నేస్తున్నారండీ అని అడిగారు.

రేణుక నోరు తెరిచేలోపే అంకమ్మరావు చేతులు జోడించాడు.

"పాప పుట్టక ముందు నుంచండీ."

నలుగురిలో కూతురి మాట పోకూడదని ఆ అబద్ధాన్ని ఆయనే మోశాడు.  రేణుక గుంట పక్కనే నేల మీద కూర్చుంది.

"మా నాన్నండీ సార్. పోయిన వారం సిగ్గుపడి అబద్ధం చెప్పాను."

 అంకమ్మరావు అడ్డపోగు నడిపే నాడె అందుకుని మళ్ళీ నేత మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం రేణుక తన కంచం తెచ్చుకుని అరుగు మీద ఆయన పక్కనే కూర్చుంది. లోపలికి రా నాన్నా అని బతిమాలింది. క్షమించమంది. ఆయన పప్పు గిన్నె ఆమె వైపు జరిపాడు.

"తిను, చల్లారిపోతోంది" అన్నాడు.

ఏం చెప్పినా చివర 'తల్లీ' అనే మనిషి. రేణుక ముద్ద చేతిలో పట్టుకుని ఆ మాట కోసం చూసింది. ఆయన తల వంచుకుని అన్నం తింటూనే ఉన్నాడు.