గిర్నీ చప్పుడు

పొద్దున్నే దబీర్‌పురాలో పుష్పమ్మ ఇంటి ముందున్న పిండి గిర్నీ షట్టర్ లేపింది. భర్త పోయాక ఆ గిర్నీయే ఆమె ఇద్దరు పిల్లల్ని పెంచింది. పెద్దవాడు మురళి డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. చిన్నది పూజితకు పదేళ్లప్పుడు జ్వరం వచ్చి చెవులు పోయాయి. పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. గిర్నీ చప్పుడులో పెరిగినవాళ్లు కనుక ఆ విద్య ఆ ఇంట్లో అందరికీ వచ్చు.

పూజిత ఇప్పుడు అన్న క్లాసులోనే చదువుతోంది. ఆ రోజు బ్యాగు సర్దుకోలేదు.

"కాలేజీకి పోవా బిడ్డా?"

"పోనమ్మా. ఇంక మానేస్త. అన్న బోర్డు దిక్కు తిరిగే పాఠం చెప్తడు. 'ఇటు తిరుగు అన్నా' అంటే క్లాసంతా నవ్వింది. అన్న గూడ నవ్విండు."

లోపలి నుంచి మురళి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "ఒక్కదాని కోసం క్లాసు ఆపాల్నా? సిలబస్ నువ్వు పూర్తి చేస్తవా?"

పుష్పమ్మ గట్టు మీది పిండి పళ్లెం వైపు చూసింది. రెండేళ్ల కింద, యాభై దాటాక, ఆ పిల్లే పళ్లెంలో పిండి పరిచి, వేలు పట్టి ఆమెకు అక్షరాలు దిద్దించింది.

"అమ్మా, సర్టిఫికెట్ల ఫైలు యాడ దాచినవ్? పదింటికి పర్మినెంటు పోస్టు ఇంటర్వ్యూ."

పుష్పమ్మ గోధుమలు పోసి స్విచ్చు వేసింది. గోడ వైపు తిరిగి, ఫైలు ఎక్కడుందో ఉన్నదున్నట్టు చెప్పింది.

"వినవడ్తలేదు, గిర్నీ బంద్ చెయ్."

అప్పుడు మాత్రం మొహం అతనికి చూపించింది. "ఒక్కని కోసం గిర్నీ ఆపాల్నా? గిరాకీ నిలవడ్డది."

మళ్లీ గోడకు తిరిగి చెప్పింది. అతను ఇటు వస్తే ఆమె అటు తిరిగింది. మూడుసార్లు. తొమ్మిదిన్నర అయింది. మురళి చొక్కా చెమటకు తడిసింది. పుష్పమ్మకు ప్రాణం చల్లబడింది.

"నీ కాళ్లు మొక్కుత, ఇటు తిరుగమ్మా."

తన నోట వచ్చింది క్లాసులో చెల్లెలు అడిగిన మాటేనని అతనికి అప్పుడు తట్టింది. గుమ్మంలో పూజిత అతని పెదవులనే చూస్తోంది.

మురళి కింద కూర్చున్నాడు. పళ్లెంలో పిండి సాపు చేసి, వేలితో రాసి చెల్లెలి ముందుకు జరిపాడు. పుష్పమ్మ వంగి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. తొందరపడలేదు.

"త... ప్ప... యింది."

స్విచ్చు తీసేసింది. "బియ్యం డబ్బా ఎనుక ఉంది. ఉరుకు."

ఫైలు పట్టుకుని మురళి చెల్లెలికి ఎదురుగా నిలబడ్డాడు. "రేపటి నుంచి నీ దిక్కు చూసే చెప్త. నోట్సు ముందుగాలనే రాసిస్త. వస్తవా?"

పూజిత బ్యాగు అందుకుంది. పుష్పమ్మ పిండి చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

"మాట తప్పినవో, గిర్నీ యాడికీ పోదు కొడుకా."